రెండు గాజులు, రెండు అంకెలు: పాత నగల పరీక్షకు వెళ్లి వచ్చాక

పాత బంగారు నగను పరీక్షించి, అందులో మేలిమి ఎంత ఉందో కాగితం మీద రాసి ఇచ్చే సేవ మామూలు వినియోగదారులకు కూడా అందుబాటులో ఉందన్న సంగతి మా బంధువుల్లో చాలామందికి ఈనాటికీ తెలియదు. నగ మార్చుకోవడానికి వెళ్లినప్పుడు కొట్టులో చెప్పిన మాటనే ప్రమాణంగా తీసుకుని, ఎంత కోత పెట్టినా తల ఊపి వచ్చేయడం మాకు అలవాటైపోయింది. గత నెలలో మా అమ్మను వెంటబెట్టుకుని, మా జిల్లా కేంద్రంలో భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే అందరూ బీఐఎస్ అని పిలిచే సంస్థ, గుర్తింపు పొందిన ఒక హాల్‌మార్కింగ్ కేంద్రానికి, అంటే నగలను పరీక్షించి స్వచ్ఛత ముద్ర వేసే చోటికి, నాలుగు నగలు తీసుకువెళ్లాను. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ చూసిన మంచిని మెచ్చుకోవడానికి, నొచ్చుకున్న ఒక విషయాన్ని చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము అక్కడికి వెళ్లడానికి కారణం ఒక గొలుసు. తెగి అతుకులు పడిన ఆ గొలుసును ఇచ్చి కొత్తది తీసుకుందామని రెండు దుకాణాలు తిరిగాం. మొదటి దుకాణంలో గీటురాయి మీద గీసి చూసి నూటికి ఎనభై పాళ్లన్నారు. రెండో దుకాణంలో లోపలికి తీసుకువెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగి తెచ్చి, ఎనభై నాలుగు అన్నారు. ఒకే గొలుసు, ఒకే మధ్యాహ్నం, రెండు మాటలు. వాటిలో ఏది నిజమో, అసలు ఏదైనా నిజమో తెలుసుకునే మార్గం మా చేతిలో లేదు. గీటురాయిని నేను తక్కువ చేయడం లేదు. అనుభవం పండిన కంసాలి కన్ను ఆ గీత రంగును బట్టి చాలా దగ్గరి అంచనాకు రాగలదు. కానీ ఆ కన్ను కొనేవాడి పక్షాన ఉన్నప్పుడు, అమ్మేవాళ్లకు రాయి మీద కనిపించేది ఒక పసుపు గీత మాత్రమే.

ప్రభుత్వం 2023లో ప్రకటించిన ప్రకారం, గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో వినియోగదారులు తమ నగలను స్వయంగా పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల వరకు మొత్తం 200 రూపాయలు, ఐదు, ఆపైన ఉంటే నగకు 45 రూపాయల చొప్పున అని అప్పటి రుసుము. పాత నగ మీద హాల్‌మార్కు వేయించాలంటే మాత్రం బీఐఎస్‌లో నమోదైన నగల వ్యాపారి ద్వారానే వెళ్లాలి. నేరుగా వెళ్లిన మనకు వచ్చేది ముద్ర కాదు, పరీక్షా నివేదిక. మాకు కావలసిందీ అదే. గొలుసుతో పాటు నాన్నగారి ఉంగరాన్ని, అమ్మ చేతి గాజుల జతను కూడా తీసుకువెళ్లాం. నాలుగు నగలకూ ఒకే రుసుము కదా అని గాజులను చివరి నిమిషంలో చేర్చింది నేనే. అమ్మ ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా వాటిని తీసి, పెళ్లినాటి ఎర్ర మఖ్‌మల్ పెట్టెలో పెట్టి ఇచ్చింది.

కేంద్రంలో పని జరిగిన తీరు చక్కగా ఉంది. ప్రతి నగనూ మా కళ్లముందే తూచి, బరువును మిల్లీగ్రాముల దాకా రశీదులో రాసి, మాకు చదివి వినిపించి, సంతకం తీసుకున్నారు. తూకంలోనే మొదటి వింత బయటపడింది. జత గాజుల్లో ఒకటి 12.14 గ్రాములు, రెండోది 11.36 గ్రాములు. నమూనా ఒకటే, చుట్టుకొలత ఒకటే. నలభై ఏళ్లుగా ఆ చేతులతో అన్నం తిన్న నాకు ఆ తేడా ఎన్నడూ తెలియలేదు.

మొదటి పరీక్ష ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం మీద జరుగుతుంది. ఎక్స్‌రే కిరణాలు నగ మీద పడినప్పుడు అందులోని ఒక్కో లోహం తనకే ప్రత్యేకమైన కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. వాటిని కొలిచి బంగారం, వెండి, రాగి, జింకు ఎంతెంత ఉన్నాయో యంత్రం తెర మీద చూపిస్తుంది. నగకు గీత కూడా పడదు, నిమిషాల్లో తేలిపోతుంది. అయితే ఈ చూపు లోతుకు పోదు. బంగారంలో అది కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల లోతు వరకే చదవగలదు. పైన మందంగా బంగారు పూత ఉంటే యంత్రం ఆ పూతనే చదివి సంతృప్తి పడుతుంది. నీటిలో ముంచి సాంద్రత కొలిచే పద్ధతి పనికిరాదా అని పక్కనే ఉన్న ఒక పెద్దాయన అడిగారు. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములైతే, టంగ్‌స్టన్ సాంద్రత కూడా ఇంచుమించు అంతే కాబట్టి, లోపల టంగ్‌స్టన్ పెట్టిన బిస్కెట్టును నీరు పట్టించలేదని అక్కడి సాంకేతిక ఉద్యోగి ఓపికగా వివరించాడు.

అతని నేర్పు గాజు దగ్గర కనిపించింది. రెండో గాజు వెలుపలి వైపు ఒక అంకె, ఏళ్ల తరబడి చర్మానికి రాసుకుని అరిగిన లోపలి అంచు దగ్గర మరొక అంకె వచ్చాయి. తక్కువ వన్నె బంగారానికి కంసాలులు ఆమ్లంతో మెరుగు పెట్టినప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి, బంగారం పాలు ఎక్కువగా ఉన్న పలుచని పొర మిగులుతుందని, అరిగిన చోట అసలు లోహం కనబడుతుందని చెప్పాడు. పైకి కనిపించిన అంకెతో సరిపెట్టి మమ్మల్ని పంపించేయడం అతనికి తేలిక. అలా చేయకుండా, నిజం తెలియాలంటే చిన్న ముక్క తీసి పుటం పెట్టాలని, మీ సమ్మతి కావాలని అడిగాడు. అమ్మ ముఖం చూడకుండానే నేను సరేనన్నాను.

పుటం పరీక్షను ప్రయోగశాలల భాషలో ఫైర్ అస్సే అంటారు. వందల ఏళ్ల నాటి పద్ధతి అయినా, నేటికీ చివరి మాట దానిదే. తీసిన ముక్కను అతి సూక్ష్మమైన త్రాసులో తూచి, కొంత వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, కపెల్ అనే చిన్న గిన్నెలో పెట్టి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోకి తోస్తారు. సీసం కరిగి, రాగి వంటి లోహాలను తనలో కలుపుకుని ఆ గిన్నె గోడల్లోకి ఇంకిపోతుంది. బంగారం, వెండి మాత్రమే ఒక పూసగా మిగులుతాయి. ఆ పూసను సాగగొట్టి, చుట్టగా చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. చివరకు మిగిలిన బంగారపు చుట్టను తూచి, మొదటి బరువుతో పోలిస్తే వేయింటికి ఎన్ని పాళ్లో తేలుతుంది. అంచనాకూ ఎవరి మాటకూ ఇందులో తావు లేదు.

ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నాన్నగారి ఉంగరం నా చేతిలో ఉంది. దాని మీద ఆయన పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంటుంది. నిజాన్ని తనలో దాచుకున్న వస్తువుగా మన సాహిత్యంలో ఉంగరానికి ఉన్న ప్రసిద్ధి వేరే దేనికీ లేదు. కాళిదాసు దుష్యంతుడు తన పేరు చెక్కిన ఉంగరాన్ని శకుంతలకు ఇచ్చి, రోజుకొక అక్షరం చొప్పున లెక్కపెట్టుకొమ్మని, పేరు పూర్తయ్యేసరికి తన మనిషి వస్తాడని చెబుతాడు. ఆ ఉంగరం శచీతీర్థంలో జారిపోయి, చేప కడుపులో చేరి, జాలరి చేతికి చిక్కి, మళ్లీ రాజు కంటబడే దాకా దుర్వాసుని శాపం వల్ల ఆయనకు ఏమీ గుర్తురాదు. అయితే మూల భారత కథలో ఉంగరమే లేదు. నన్నయ ఆదిపర్వంలోని దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండీ ఎరుగనంటాడు. సత్యవాక్యం విలువ ఎంతటిదో ఆమె నిండు సభలో చెప్పినా చలించడు. ఆకాశవాణి పలికిన తరువాతే ఒప్పుకుంటాడు. కాళిదాసు రాజుది మరపు, నన్నయ రాజు చేసింది మరుగుపరచడం. నగల విషయంలోనూ ఈ రెండూ వేరువేరని నాకు ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు తోచింది. మా గొలుసు ఎక్కడ కొన్నదో, ఎన్నిసార్లు అతికించిందో ఇంట్లో అందరం మరచిపోయాం. దుకాణంలో మాత్రం దాని లోపల ఎంత ఉందో తెలిసీ వేరే మాట చెప్పారు.

ఫలితాలు వచ్చాయి. ఉంగరం 915, గొలుసు 872, మొదటి గాజు 914, రెండో గాజు 748. మన ఇళ్లలో పాత నగలు 916 దరిదాపుల్లో ఉండడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు చాలా ఇళ్లలో బ్రిటిష్ సవరన్లను కరిగించి నగలు చేయించుకునేవారు. ఆ నాణెం 22 క్యారెట్లది, అంటే వేయింటికి 916 పాళ్ల బంగారం, బరువు ఇంచుమించు 8 గ్రాములు. కోస్తాలో ఈనాటికీ కాసు అంటే 8 గ్రాములని లెక్కపెట్టడం ఆ నాణెం మిగిల్చిపోయిన కొలతే. గొలుసులో తగ్గిన పాళ్లు టంకాలవి. అతుకు పడ్డ ప్రతిసారీ అందులోకి తక్కువ వన్నె లోహం చేరింది. అయినా దుకాణాలు చెప్పిన ఎనభై, ఎనభై నాలుగులకూ, నివేదికలోని ఎనభై ఏడుకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. మాది 24 గ్రాముల గొలుసు. మొదటి దుకాణం లెక్క ప్రకారం ఇచ్చి ఉంటే దాదాపు 1.7 గ్రాముల మేలిమి బంగారం మాట లేకుండా పోయేది. ఈ ఒక్క కారణానికే ఈ సేవను ప్రతి ఇంటికీ సిఫారసు చేస్తాను.

ఇక నొచ్చుకున్న విషయం. నివేదికలు ఇచ్చే గుమాస్తా నగ వివరాన్ని, అంకెను పైకి చదువుతూ ఇస్తున్నాడు. హాలులో పదిహేను మంది దాకా ఉన్నాం. రెండో గాజు దగ్గరకు వచ్చేసరికి అతను ఆగి, గొంతు పెంచి, "అమ్మా, ఈ గాజు ఎక్కడ కొన్నారు? జతలో ఒకటి ఇరవై రెండు, ఒకటి పద్దెనిమిది. మిమ్మల్ని బాగా మోసం చేశారు" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు, జాలితోనే అన్నాడు. పక్కనున్నవాళ్లు కూడా జాలిపడ్డారు. పెట్టె మీద అచ్చువేసిన దుకాణం పేరు చూసి ఒకావిడ ఆ దుకాణాన్ని తిట్టడం మొదలుపెట్టింది. అమ్మ ఎవరికీ బదులు చెప్పలేదు. గాజులు రెండూ తీసుకుని చేతులకు వేసుకుని, "పోదాం పదవే" అంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక చెప్పింది. 1994లో నాన్నగారు ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు కట్టలేదు. అప్పిచ్చినవాడు నాన్నగారు ఊళ్లో లేని రోజున ఇంటికి వచ్చాడు. అమ్మ ఒక గాజు అమ్మి ఆ బాకీ తీర్చింది. నాన్నగారితో మాత్రం మీ స్నేహితుడే వచ్చి కట్టి వెళ్లాడని చెప్పింది. ఆరు నెలలు ఒక చేతికి మట్టిగాజులతో తిరిగి, అడిగితే గాజు సొట్టపడిందని, బాగుచేయడానికి ఇచ్చానని అంది. తరువాత కూడబెట్టిన డబ్బుకు ఎంత బంగారం వస్తే అంతతో, అదే నమూనాలో, తెలిసిన కంసాలి చేత రెండో గాజు చేయించుకుంది. ఆ కంసాలి ఆమెను మోసం చేయలేదు. ఎంత కలిపాడో ముందే చెప్పి కలిపాడు, రంగు తేడా రాకుండా మెరుగు పెట్టి ఇచ్చాడు. "ఆ స్నేహితుడు మాట నిలబెట్టుకున్నాడనే మీ నాన్న అనుకున్నారు. పోయేదాకా ఆయన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు. చెప్పి ఏం చేయను?" అంది.

ఆ కథ విన్నాక, ఎప్పుడో చదివిన ఫ్రెంచి రచయిత మొపాసా కథలు రెండు నాకు గుర్తుకొచ్చాయి. 1884 నాటి నెక్లెస్ కథలో, అరువు తెచ్చుకున్న వజ్రాల హారం పోగొట్టుకున్న దంపతులు ముప్పై ఆరు వేల ఫ్రాంకులకు అలాంటిదే కొని ఇచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు చాకిరీ చేస్తారు. పోయింది మహా అయితే ఐదు వందల ఫ్రాంకులు చేసే నకిలీ హారమని చివరికి వీధిలో తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది రాసిన మరో కథలో, భార్య నగలన్నీ నకిలీవని నమ్మిన భర్త, ఆమె పోయాక వాటిని అమ్మబోయి అవి అసలైనవని తెలుసుకుంటాడు. నెక్లెస్ కథలో చాలామంది గమనించకుండా దాటిపోయే చిన్న చోటు ఒకటి ఉంది. హారం పెట్టె మీద పేరున్న వర్తకుడి దగ్గరకు వెళితే, ఆ హారం నేను అమ్మలేదు, పెట్టె మాత్రమే ఇచ్చానని అతను చెబుతాడు. నిజం అక్కడే ఉంది. స్నేహితురాలికి ఉన్నమాట చెప్పే ధైర్యం ఉంటే పదేళ్లు మిగిలేవి. మా హాలులోనూ అందరూ పెట్టెనే చూసి దుకాణాన్ని దోషిగా నిలబెట్టారు. ఆ దుకాణం అమ్మిన గాజు 914 తూగింది. ఈ ముప్పై ఏళ్లలో అది ఏ తప్పూ చేయలేదు.

అందుకే ఈ కేంద్రానికి నా విన్నపం ఒకటే. నివేదికలో నగ వివరం, బరువు, పరీక్షా పద్ధతి, అంకె ఉన్నాయి. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ కాగితం తన హద్దు ఎరిగి ఉంది. దాన్ని ఇచ్చే మనిషి కూడా అంతే ఎరిగి ఉండాలి. లోహంలో ఏముందో యంత్రానికీ కొలిమికీ తెలుస్తుంది. అది ఎందుకు అలా ఉందో నగ పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది, ఒక్కోసారి ఇంట్లో మిగతావాళ్లకు కూడా తెలియదు. వేరుపడే అన్నదమ్ములు, పుట్టింటి నగలు తెచ్చిన కోడళ్లు, తాకట్టు విడిపించుకున్నవాళ్లు అక్కడికి వస్తారు. అలాంటి చోట ఫలితాన్ని మూసిన కవరులో ఇవ్వడం, వివరించాలంటే ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నేను ఈ మాట అక్కడి నిర్వాహకుడికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి, గది సంగతి చూస్తామని, కవర్లు మాత్రం వెంటనే మొదలుపెడతామని అన్నారు.

కొత్తగా నగలు కొనేవారికి ఒకటి రెండు సంగతులు. దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కింగ్ 2000లోనే మొదలైనా, 2021 జూన్ నుంచే, మొదటి విడతగా ఎంపిక చేసిన 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, హాల్‌మార్కు పరిధిలోకి వచ్చే నగలను హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులు చూడాలి: బీఐఎస్ త్రికోణం, 22కే916 వంటి స్వచ్ఛత సంఖ్య, ఆ ఆరు అక్షరాంకెలు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను కొడితే అది ఏ రకం నగో, స్వచ్ఛత ఎంతో, ఏ వ్యాపారి ముద్ర వేయించాడో, ఏ కేంద్రం ఎప్పుడు పరీక్షించిందో కనిపిస్తుంది. గాజుకని వేసిన సంఖ్య ఉంగరం మీద ఉంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది కాబట్టి, డబ్బు కట్టకముందే దుకాణంలో నిలబడి చూసుకోవడం మంచిది. ముద్రలో చెప్పినదానికంటే స్వచ్ఛత తగ్గినట్లు తేలితే, తగ్గిన పాళ్ల విలువకు రెట్టింపు మొత్తాన్ని, పరీక్ష ఖర్చులను కొన్నవారికి ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. 916 అని అమ్మిన 20 గ్రాముల గొలుసు 875 అని తేలితే తగ్గింది 0.82 గ్రాములు, రావలసింది 1.64 గ్రాముల విలువ.

ఈ ఏర్పాటు కళ్లకు అందనివి కూడా ఉన్నాయి. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగే పనితనం ఉన్నవాటికి తప్పనిసరి హాల్‌మార్కు వర్తించదు. రాళ్ల బరువును, లోపల పోసిన లక్క బరువును బంగారం ధరకు కలిపి లెక్కగట్టడం ఏ ముద్రా ఆపలేదు. రసీదులో బంగారం బరువు, రాళ్ల బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయమని అడగవలసింది మనమే. కేడీఎం అన్న మాటను స్వచ్ఛతకు గుర్తుగా చెప్పే అమ్మకందారులు ఇంకా ఉన్నారు. అది కాడ్మియం కలిపిన టంకానికి వాడుకలో ఉన్న పేరు. ఆ పొగ పీల్చే కంసాలి ఊపిరితిత్తులకు అది హాని, హాల్‌మార్కు నగల్లో కాడ్మియం ఉండకూడదు.

గొలుసును నివేదికతో సహా మూడో దుకాణానికి తీసుకువెళ్లాం. కాగితం చూసి, తమ యంత్రం మీద ఒకసారి సరిచూసుకుని, 87 పాళ్లకే లెక్కకట్టి కొత్త గొలుసు ఇచ్చారు. ఉంగరం నా దగ్గర ఉంది. గాజుల నివేదికను అమ్మ మడిచి ఎర్ర పెట్టెలో పెట్టింది. రెండో గాజును మార్చి 22 క్యారెట్లది చేయిద్దామా అని అడిగితే వద్దంది. ఈ సమీక్ష రాస్తానని చెప్పినప్పుడు, గాజు సంగతి రాసుకో అని, నాన్నగారి స్నేహితుడి పేరు మాత్రం ఎక్కడా రానివ్వొద్దని అంది. ఆయన ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ మా ఇంటికి వస్తారు.